జనాదరణకు కొలబద్ద

క్రీడాకారులకు లోకం ఏటేటా స్థానాలు నిర్ణయిస్తూనే ఉంటుంది. గోల్స్ లెక్కించి కొన్ని జాబితాలు, అభిమానుల ఓట్లు లెక్కించి మరికొన్ని జాబితాలు వెలువడుతుంటాయి. అంకెలకు అందే ప్రతిభను అవి చూపగలవు. ప్రజల హృదయాలలోని మమకారాన్ని కూడా కొలవగలవా? జపాన్ ఫుట్‌బాల్ క్రీడాకారుడు మియురా కజుయోషి జీవితమే ఈ ప్రశ్నకు సమాధానం.

మియురా 1967లో షిజువోకా నగరంలో జన్మించాడు. అతని బాల్యంలో జపాన్ ప్రజలు బేస్‌బాల్‌కే పట్టం కట్టారు. ఫుట్‌బాల్‌ను వృత్తిగా స్వీకరించే అవకాశం అక్కడ లేదు. పదిహేనేళ్ల ప్రాయంలో అతడు చదువు మాని, ఆట నేర్చుకోవడానికి సుదూరమైన బ్రెజిల్‌కు పయనమయ్యాడు. సాధన ఫలించి, 1986లో ఒకనాడు పేలే ఆడిన సాంటోస్ జట్టులోనే స్థానం పొందాడు. 1990లో స్వదేశానికి తిరిగివచ్చాడు.

1993లో జపాన్‌లో ‘జె లీగ్’ పోటీలు ఆరంభమయ్యాయి. తొలి సంవత్సరపు ఉత్తమ క్రీడాకారుడు మియురాయే. ఆసియా ఉత్తమ క్రీడాకారుడిగానూ ఆ ఏడాది అతడే ఎంపికయ్యాడు. గోలు సాధించగానే అతడు చేసే నృత్యం ‘కజు నృత్యం’గా ప్రసిద్ధి చెందింది. అభిమానులు అతణ్ణి ‘కింగ్ కజు’ అని పిలుచుకున్నారు.

కీర్తి శిఖరాన నిలిచిన ఆ ఏడాదే అక్టోబరులో అతనికి ఆశాభంగం ఎదురైంది. దోహాలో ఇరాక్ జట్టు చివరి క్షణాలలో గోలు చేసి ఆటను 2-2తో సమం చేయడంతో, జపాన్‌కు ప్రపంచ కప్ అవకాశం చేజారింది. 1998లో జపాన్ తొలిసారి అర్హత సాధించింది. కాని పోటీలకు కొద్దిరోజుల ముందు శిక్షకుడు ఒకాదా తకేషి తుది జట్టు నుండి మియురాను తప్పించాడు. దేశం తరఫున 89 మ్యాచ్‌లలో 55 గోల్స్ చేసిన వీరుడు ప్రపంచ కప్‌లో ఒక్క మ్యాచ్ కూడా ఆడలేకపోయాడు.

జాబితాలలో అతని పేరు క్రమంగా వెనుకబడింది. అయినా అతడు ఆటను విడువలేదు. చిన్న జట్లలో చేరడానికి సంకోచించలేదు. 2011 మార్చిలో భూకంపం, సునామీ జపాన్‌ను అతలాకుతలం చేశాయి. బాధితుల సహాయార్థం ఆ నెలాఖరున ఒసాకాలో జాతీయ జట్టుకు, జె లీగ్ ఆటగాళ్ల జట్టుకు మధ్య పోటీ జరిగింది. జె లీగ్ పక్షాన ఆడిన 44 ఏళ్ల మియురా గోలు చేసి, తన చిరపరిచిత నృత్యం చేశాడు. ఆ రోజు అతని జట్టు 1-2 తేడాతో ఓడింది. కాని దుఃఖంలో మునిగిన ప్రజలకు గుర్తుండిపోయింది ఆ గోలే.

2017లో 50 ఏళ్లు నిండాక మ్యాచ్ ఆడి, ఇంగ్లండ్ ఆటగాడు స్టాన్లీ మాథ్యూస్ 1965లో నెలకొల్పిన వయోరికార్డును అతడు అధిగమించాడు. 2025లో 58 ఏళ్ల వయసులోనూ దిగువ శ్రేణి జట్టులో బరిలో దిగాడు.

ప్రథమ స్థానం ఏటా ఒకరి నుండి మరొకరికి చేతులు మారుతుంది. స్థానం పోయిన తరువాత కూడా సాధన మానని వానికి లోకం ఇచ్చే గౌరవం వేరు. దానికి సంఖ్య లేదు. కాలమే దానికి కొలబద్ద.