మా గేరికి ఎంత లోడు?

మిత్రులారా, ఈ వారం షవర్ గురించి రాస్తున్నాను. నవ్వకండి. 1927 మార్చి 20న మహద్‌లో బాబాసాహెబ్ వేల మందితో కలిసి చవదార్ చెరువు నీళ్లు తాగారు. నీళ్లూ కులమూ కలిసేచోట ఏదీ మనకు చిన్న విషయం కాదు.

మా అమ్మ ఇల్లు కడప జిల్లా ఎర్రగుంట్ల దగ్గర ఒక ఎస్సీ కాలనీలో ఉంది. నలభై ఏళ్లు కూలికి పోయి శనక్కాయ చెట్లు పీకిన చేతులు అమ్మవి. ఇప్పుడు కుడి భుజం పైకి లేవదు, చెంబెత్తి నెత్తిన నీళ్లు పోసుకోలేదు. అందుకే వేడినీళ్ల షవర్ పెట్టిద్దామనుకున్నాం. 3 కిలోవాట్ల ఇన్‌స్టంట్ గీజరు, నీళ్లు జోరుగా రావడానికి అర హెచ్‌పీ మోటారు. ఒంటి అంతస్తు మీది ట్యాంకు నుంచి మీటరు ఎత్తుకు 0.1 బార్ ఒత్తిడి మాత్రమే వస్తుంది. మోటారు లేకపోతే నీళ్లు ధారగా పడవు, కారుతాయి.

మా కాలనీ తమ్ముడే ఎలక్ట్రీషియన్. మీటరు పెట్టె తెరిచి, "అన్నా, ఈ వైరు మీద గీజరేస్తే ఇల్లు కాలిపోతాది" అన్నాడు. లెక్క సులభం. 3000 వాట్లను 230 వోల్టులతో భాగిస్తే 13 ఆంపియర్లు. మా ఇంట్లో ఉన్నది లైట్లకు వేసిన సన్న వైరు. సర్వీసుకు రాసిన లోడు అర కిలోవాటు. గీజరుకు మెయిన్ నుంచి విడిగా 4 స్క్వేర్ ఎంఎం రాగి వైరు, 16 ఆంపియర్ల ఎంసీబీ, షాకు కొడితే కరెంటు కట్ చేసే 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ కావాలి. అన్నిటికంటే ముందు ఎర్త్ కావాలి. మా ఇంటికి ఎర్తే లేదు.

గుంత తవ్వి, పైపు దించి, బొగ్గూ ఉప్పూ వేశాం. మన సీమ నేల ఎండితే ఎర్త్ సరిగా పనిచేయదు, ఎండాకాలం ఆ గుంతలో నీళ్లు పోస్తుండాలి. కుళాయి దినం మార్చి దినం వచ్చే కాలనీలో ప్రాణం కాపాడే గుంతకూ నీళ్లు దాచిపెట్టాలి.

లోడు పెంచమని దరఖాస్తు పట్టుకుని ఆఫీసుకు పోతే అక్కడొకాయన, "ఉచిత కరెంటు ఇస్తాండాం గదా, మీకు గీజర్లు గూడ గావాల్నా?" అన్నాడు. జగజ్జీవన్ జ్యోతి కింద ఎస్సీ, ఎస్టీ ఇళ్లకు నెలకు 200 యూనిట్ల దాకా ఉచితం. ఆ పరిమితిని 2019లో పెంచారు. 3 కిలోవాట్ల గీజరు రోజుకు ఇరవై నిమిషాలు నడిస్తే ఒక యూనిట్, నెలకు 30. మా అమ్మ స్నానం ఆ 200లోపలే ఉంది. ఆయన బాధ యూనిట్లు కాదు. మా ఇంట్లో బల్బు వెలగొచ్చు, షవర్ మాత్రం ఉండకూడదు.

ఆ బల్బుకూ ఒక చరిత్ర ఉంది. 1988-89లో కేంద్రం తెచ్చిన కుటీర జ్యోతి పేద ఇంటికి ఇచ్చింది ఒక్క లైటు కనెక్షన్. పేదింటి అవసరాన్ని ప్రభుత్వం కొలిచిన కొలత అది. ఆ కొలతతోనే వైర్లు, మీటర్లు, ట్రాన్స్‌ఫార్మర్లు గేరికి వచ్చాయి.

మా మిద్దె ఎక్కితే ఆర్‌టీపీపీ పొగగొట్టాలు కనిపిస్తాయి. 1650 మెగావాట్ల కేంద్రం. అటు కర్నూలు జిల్లా ఓర్వకల్లులో వెయ్యి మెగావాట్ల సోలార్ పార్కు. శ్రీశైలం డ్యాం కింద కర్నూలు, మహబూబ్‌నగర్ జిల్లాల పల్లెలు మునిగాయి. భూమి లేని మనవాళ్లకు భూమి పరిహారమూ లేదు. కరెంటు పుట్టేది సీమలో, వోల్టేజీ పడిపోయేది లైను చివర మన గేరిలో.

1942 నుంచి 1946 దాకా వైస్రాయి కౌన్సిల్‌లో లేబర్ మెంబర్‌గా ఉన్న అంబేద్కర్ చేతిలోనే కరెంటు విధానం ఉండేది. కరెంటు చౌకగా, సమృద్ధిగా దొరక్కపోతే పరిశ్రమలు రావనీ, పేదరికం పోదనీ ఆయన 1943లోనే వాదించారు. మహద్ నీళ్లూ ఈ కరెంటూ ఆయనకు ఒకే పోరాటం.

స్నానం మాట కూడా చెప్పాలి. మనం తగిలితే స్నానం చేసి శుద్ధి అయ్యేవాళ్లు, మనల్ని బావి దగ్గరికి రానీయలేదు. నీళ్లు ఇవ్వకుండా మురికివాళ్లన్నారు. మా అమ్మ చాలా ఏళ్లు గోనెపట్టా చాటున, తెల్లారకముందే, ఎవరైనా వస్తారేమోనని చీర విప్పకుండా నీళ్లు పోసుకుంది. తలుపు గడియ పెట్టుకుని, నిమ్మళంగా, వేడినీళ్లతో స్నానం చేయడం ఆమెకు అరవై ఏళ్లు దాటాక వచ్చింది.

అయినా ఒక్క ఇంటికి వైరు మారిస్తే సరిపోదు. మా కాలనీ ట్రాన్స్‌ఫార్మర్ 25 కేవీఏ. ఎనిమిది గీజర్లు ఒకేసారి వేస్తే అది నిండిపోతుంది. మా కాలనీలో అరవై ఇళ్లు. అందుకే ఇప్పుడు అరవై ఇళ్ల సంతకాలతో లోడు పెంపు, పెద్ద ట్రాన్స్‌ఫార్మర్ అడుగుతున్నాం.

విద్యార్థి మిత్రులారా, ఈ సెలవుల్లో మీ ఊరికి పోతే మూడు చూడండి. మీటరు మీద లోడు ఎంత, ఇంటికి ఎర్త్ ఉందా, ట్రాన్స్‌ఫార్మర్ ఎన్ని కేవీఏ. పెద్దకులాల వీధి ట్రాన్స్‌ఫార్మర్ కూడా చూసి, రెండు అంకెలూ పక్కపక్కన రాసి దరఖాస్తుకు జత చేయండి. రసీదు లేకుండా బయటికి రావద్దు.

జై భీమ్. మిగతాది వచ్చే భాగంలో.