సెలవుకు తగిన పడవ

ఎలక్ట్రానిక్ సిటీలో కాపురముంటున్న తెలుగువారికి సెలవు దొరకడం ఒక ఎత్తు. దొరికిన సెలవులో నిశ్శబ్దం దొరకడం మరొక ఎత్తు. 1970ల చివర కియోనిక్స్ వారు పల్లెల పొలాల నడుమ నెలకొల్పిన ఈ పేటకు 2010లో పైవంతెన రోడ్డు, 2025 ఆగస్టులో మెట్రో రైలు వచ్చాయి. సౌకర్యం పెరిగింది గాని హోసూరు రోడ్డు మోత తగ్గలేదు. మా వంటి గుమాస్తాలకు పగలంతా ఫోన్లు, రాత్రంతా లారీలు.

మాకు నాలుగు రోజుల సెలవు మంజూరైనప్పుడు, మోకాలి శస్త్రచికిత్స నుండి కోలుకుంటున్న మా అమ్మగారు, "నాయనా, ఒక్క పూట హారను వినబడని చోట కూచోవాలని ఉందిరా" అన్నారు. కొండలకు వెళితే నడవాలి, ఊళ్ళకు వెళితే జనం. నీటి మీద ప్రయాణమైతే కూర్చున్న చోటనే లోకం చూడవచ్చునని తోచింది. ఇక ఏ పడవ అన్నదే ప్రశ్న.

మా అబ్బాయి పెద్ద ఓడ కావాలన్నాడు. కార్డీలియా వారి 'ఎంప్రెస్' ఓడ 1990లో ప్రయాణాలు మొదలుపెట్టినది. 2021లో ముంబయి నుండి విహారయాత్రలు మొదలుపెట్టి, 2022 జూన్‌లో మన విశాఖపట్నానికి కూడా వచ్చింది. వెయ్యిమందికి పైగా పట్టే ఆ ఓడలో ఈతకొలను, నాటకశాల, ఆటపాటలు అన్నీ ఉన్నాయి. కుర్రవాళ్ళకూ కొత్త దంపతులకూ అది పండుగే. కాని మేము వెతుకుతున్నది పండుగ కాదు గదా! పైగా ఐదుగురికి టిక్కెట్టు లెక్క కట్టి చూస్తే, గుమాస్తా జీతానికి అది కొంచెం లోతైన సముద్రమే.

కొచ్చి నుండి లక్షద్వీపాలకు వెళ్ళే ఓడలు మరొక దారి. అయితే అక్కడికి ముందుగా అనుమతి పత్రం కావాలి. సముద్రం మీద రాత్రి ప్రయాణం, అలల ఊపు అమ్మగారికి పడవేమోనని ఆ మాట విరమించాము.

అలప్పుళ పడవ ఇళ్ళు మాకు బాగా నచ్చాయి. ఒకనాడు ధాన్యం మోసిన కెట్టువళ్ళాలే నేడు పడక గదులతో వేంబనాడు సరస్సులో తిరుగుతున్నాయి. సాయంకాలం కాగానే, జాలరులు వలలు వేసుకోవడానికి వీలుగా, వాటిని గట్టున కట్టివేస్తారు. ఆ రాత్రి నిశ్శబ్దం బాగుంటుంది గాని, ఏ.సీ. కోసం జనరేటరు నడిపితే ఆ నిశ్శబ్దమూ పోతుంది. వెళ్ళేవారు ఆ సంగతి ముందే అడగడం మంచిది.

మా శ్రీమతి పుట్టిల్లు రాజమండ్రి. పాపికొండలు అనగానే ఆమె ముఖం వెలిగి, అంతలోనే చిన్నబోయింది. 2019 సెప్టెంబరు 15న కచ్చులూరు దగ్గర, గోదావరి వరద మీద ఉండగా, యాత్రికుల బోటు మునిగి ఎందరో ప్రాణాలు కోల్పోయారు. "చోటు అందమైనదేనండీ, కాని నా మనసు నిలవదు" అన్నది. భయం పక్కన పెట్టుకుని ఎక్కిన పడవలో విశ్రాంతి ఏముంటుంది?

చివరకు కృష్ణమ్మ మీద నాగార్జునసాగరం నుండి శ్రీశైలానికి లాంచీ ప్రయాణం కుదిరింది. సుమారు 110 కిలోమీటర్ల జలమార్గం. జలాశయంలో నీరు నిండుగా ఉన్న రోజులలోనే లాంచీ నడుస్తుంది. కార్తీకంలో శ్రీశైలం కిటకిటలాడుతుంది గనుక మార్గశిరం దాకా ఆగి, హైదరాబాదు మీదుగా సాగరం చేరుకున్నాము.

ఉదయం బయలుదేరినప్పుడు సాగరం సముద్రంలాగే ఉంది. 1955 డిసెంబరు 10న నెహ్రూ గారు శంకుస్థాపన చేసిన ఆనకట్ట వెనుక ఇక్ష్వాకుల విజయపురి నీట మునిగింది. అక్కడి బౌద్ధ శిల్పాలను ముందే తరలించి నాగార్జునకొండ మీద మ్యూజియంలో భద్రపరిచారు. కొండ ఇప్పుడు దీవి. ఆ పైన నల్లమల కొండలు దగ్గరకు జరిగి నది ఇరుకైంది. ఒక గట్టు ఆంధ్రప్రదేశ్, రెండో గట్టు తెలంగాణ. రెండు వైపులా పులులు తిరిగే అభయారణ్యం. సెల్‌ఫోన్లు మూగబోయాయి. కింది అంతస్తులో పిల్లలు అంత్యాక్షరి పాడుకుంటుంటే, పైన మేము నీటికాకులను లెక్కపెట్టాము. మధ్యాహ్నం భోజనమయ్యాక అమ్మగారు కుర్చీలోనే రెండు గంటలు నిద్రపోయారు. ఆరు నెలలలో మాత్ర వేసుకోకుండా ఆమెకు పట్టిన మొదటి నిద్ర అది. లాంచీ వేగం తగ్గినప్పుడు మెలకువ వచ్చి, "అప్పుడే వచ్చేశామా?" అన్నారు.

లింగాలగట్టు దగ్గర దిగి పైకి ఎక్కడం మాత్రం మోకాళ్ళ నొప్పులవారు ఆలోచించుకోవలసినదే. మేము నాలుగు చోట్ల ఆగి ఎక్కాము. మరునాడు మల్లన్న దర్శనం చేసుకుని కర్నూలు మీదుగా బస్సులో ఇల్లు చేరాము.

మన సంఘ సభ్యులలో ఎవరైనా ఇటువంటి యాత్ర తలపెడితే, ఓడ ఎంత పెద్దదని కాక, నాలుగు సంగతులు అడగండి: ఎందరు ఎక్కుతారు, మైకు మోగుతుందా, అందరికీ లైఫ్ జాకెట్లు ఇస్తారా, పెద్దవారు ఎన్ని మెట్లు ఎక్కాలి. వరద రోజులలో నది జోలికి పోవద్దు. సమాధానాలు నచ్చితే చిన్న లాంచీ చాలును. మంచినీళ్ళు, పెద్దవారి మందులు, ఒక దుప్పటి మాత్రం వెంట తీసుకువెళ్ళండి.