షేరు మోకాళ్లు, అమ్మీ గోలీలు

ఫజర్ అజాన్ వేళకు మా ఇంట్లో ఇద్దరు లేస్తారు. ఇద్దరూ ఒకేలా లేస్తారు. అమ్మీ మంచంపట్టె పట్టుకుని "యా అల్లా" అంటూ నడుం సగం వంచి రెండడుగులు వేశాక గానీ నిటారుగా నిలబడలేదు. బయట వేపచెట్టు కింద షేరు ముందుకాళ్ల మీద లేచి, వెనక భాగాన్ని లేపలేక కాసేపు అలాగే ఆగిపోయి, ఆ తర్వాత కుంటుకుంటూ గేటు దాకా వెళ్తాడు. పది నిమిషాలు కదిలాక ఇద్దరి కీళ్లూ కాస్త సాగుతాయి.

షేరు అబ్బా కుక్క. రాయచోటి దగ్గర మాకున్న మామిడితోటకు కాపలా కోసం పదకొండేళ్ల కిందట పిల్లగా ఉన్నప్పుడు తెచ్చాడు. తోటకు, మందకు, వేటకు కుక్కను పెట్టుకోవడానికి మన దీన్‌లో ఇజాజత్ ఉంది కాబట్టి అప్పుడెవరూ మాట్లాడలేదు. రెండేళ్ల కిందట అబ్బా ఇంతెఖాల్ అయ్యాక తోటను గుత్తకిచ్చేశాం. గుత్తకు తీసుకున్నాయనకు తన కుక్కలున్నాయి. ఆఖరి రోజుల్లో అబ్బా నా చెయ్యి పట్టుకుని చెప్పిన నాలుగు మాటల్లో ఒకటి "షేరూకు దేఖో". అదొక అమానత్. పట్నంలో ఉన్న మా ఇంటికి తెచ్చాను.

అమ్మీ మూడు రోజులు నాతో మాట్లాడలేదు. "కుక్కున్న ఇంట్లోకి ఫరిష్తాలు రారు రా. దాని ఎంగిలి నజిస్. నా నమాజ్ ఏం కావాలి?" అంది. చివరికి ఒప్పందం కుదిరింది. షేరు గడప దాటడు. వాడి గిన్నె వేరు, దాన్ని కడిగే కుళాయి వేరు. నేనే చూసుకోవాలి.

కొన్ని నెలలు గడిచాక చూస్తే షేరు పీపాలా తయారయ్యాడు. నేను పొద్దున, సాయంత్రం కొలిచి పెడుతున్నాను. మరి ఎలా? ఒకరోజు స్కూలు నుంచి తొందరగా వచ్చేసరికి అమ్మీ వేపచెట్టు కింద కుర్చీ వేసుకుని, నెయ్యి రాసిన రొట్టె ముక్కలు తుంచి విసురుతూ, మెల్లగా మాట్లాడుతోంది. నన్ను చూసి కొంగు సర్దుకుని లోపలికి వెళ్లిపోయింది. షేరుతో ఆమె మాట్లాడుతున్నది అబ్బా గురించి.

ఇక అసలు సంగతి. పోయిన చలికాలంలో షేరు కుంటడం ఎక్కువైంది. వరండాకున్న మూడు మెట్లు ఎక్కడం మానేశాడు. తుంటి నాకుకుంటూ కూర్చునేవాడు, వెనక తొడల్లో కండ తగ్గిపోయింది. వయసు కదా అనుకుని ఊరుకున్నాను. అమ్మీ ఊరుకోలేదు. బేజుబాన్ తకలీఫ్ చూడలేక, తన మోకాళ్ల నొప్పికి డాక్టరు రాసిన డైక్లోఫెనాక్ గోలీని రొట్టెలో చుట్టి పెట్టింది. తనకు తగ్గుతుంది కదా, వాడికీ తగ్గుతుందని. నాలుగు రోజులు పెట్టింది. ఐదో రోజు షేరు వాంతులు చేసుకున్నాడు. దొడ్డికి తారులాగా నల్లగా వెళ్లాడు.

పశువుల డాక్టరమ్మ చూడగానే అడిగింది, "మనుషుల నొప్పి బిళ్ల ఏమైనా వేశారా?" అమ్మీ తలొంచుకుంది. నల్లగా వెళ్లడమంటే కడుపులో పుండు పడి నెత్తురు కారడం. మూడు రోజులు సెలైన్లు, కడుపుకు మందులు. ఆ మూడు రోజులూ అమ్మీ తస్బీ వదల్లేదు. "మీ అబ్బా వదిలిపోయినదాన్ని నా చేత్తో చంపబోయాను బేటా" అని ఒకే మాట. అల్లా రహమ్ చేశాడు, షేరు బతికాడు.

డాక్టరమ్మ ఇంకో మాట చెప్పింది. డైక్లోఫెనాక్ వేసిన పశువుల కళేబరాలు తినే మన దేశంలో రాబందులు లక్షల్లో చచ్చిపోయాయట. 2006లో పశువులకు ఆ మందు వాడడాన్ని ప్రభుత్వం నిషేధించింది. మనిషికి షిఫా ఇచ్చేది ఇంకో ప్రాణికి జహర్ కావచ్చు. ఇబుప్రొఫెన్, పారాసిటమాల్ కూడా మన అలమారలోంచి తీసి కుక్కకు వేయకూడదు. కుక్కల కోసం తయారైన నొప్పి మందులు వేరే ఉన్నాయి. అవి కూడా లివరు, కిడ్నీల రక్తపరీక్ష చూశాకే ఇస్తారు.

ఎక్స్‌రేలో తుంటి కీళ్లు రెండూ అరిగి, అంచులు గరుకుగా పెరిగి కనిపించాయి. ఆర్థరైటిస్. పూర్తిగా నయమయ్యేది కాదు, నొప్పి తగ్గించి నడిపించుకోవాలి. అప్పుడు నేను అందరిలాగే చేశాను. రాత్రి ఫోను పట్టుకుని కుక్కల "జాయింట్ సప్లిమెంట్ల" వెంట పడ్డాను. ఒక్కో డబ్బా మీద పరుగెత్తే కుక్క బొమ్మ. రెండు వేలు పెట్టి ఒకటి తెప్పించాను. డబ్బా వెనక చదివితే అందులో ఎక్కువ భాగం కాల్షియం. అరిగిన కీలుకు కాల్షియంతో పని లేదని తర్వాత తెలిసింది.

రెండో డబ్బా కొనే ముందు డాక్టరమ్మ దగ్గర గంటసేపు కూర్చున్నాను. మీలో ఎవరికైనా పనికొస్తుందని ఆమె చెప్పినవీ, నేను చదివి అర్థం చేసుకున్నవీ రాస్తున్నాను.

అందరూ చెప్పేది గ్లూకోసమిన్, కాండ్రాయిటిన్. మొదటిది ఎక్కువగా రొయ్య, పీత పెంకుల నుంచి తీస్తారు. రెండోది ఆవు, పంది, కోడి, సొరచేపల మృదులాస్థి నుంచి. ఎన్నో ఏళ్లుగా అమ్ముతున్నారు కానీ సబూత్ బలహీనం. 2022లో కుక్కలు, పిల్లుల మీద జరిగిన పరిశోధనలన్నింటినీ కలిపి తూచిన ఒక సమీక్ష వచ్చింది. ఈ జంట నొప్పి తగ్గించడంలో పనిచేయడం లేదని అది తేల్చింది. అదే సమీక్షలో చేపనూనెలోని ఒమేగా-3కి మంచి మార్కులు పడ్డాయి. కొలాజెన్‌కు కొద్దిపాటి మార్కులు.

అలాగైతే చేపనూనె అనుకుని మెడికల్ షాపుకు వెళ్లాను. అక్కడ ఇంకో మాయ. డబ్బా మీద పెద్ద అక్షరాల్లో 1000 మిల్లీగ్రాములు అని ఉంటుంది. అది మొత్తం నూనె బరువు. వెనక చిన్న అక్షరాల్లో ఈపీఏ 180, డీహెచ్‌ఏ 120 అని ఉంటుంది. కీళ్లకు కావలసింది ఆ రెండే, కలిపితే 300. షేరు లాంటి పెద్ద కుక్కకు సరిపడా ఇవ్వాలంటే రోజుకు గుప్పెడు గోలీలు మింగించాలి. కాబట్టి ధర చూసేటప్పుడు డబ్బా ధర కాదు, ఆ రెండూ కలిపి ఎన్ని మిల్లీగ్రాములకు ఎంత పడుతోందో లెక్కేయాలి. కాడ్ లివర్ ఆయిల్ వద్దంది డాక్టరమ్మ. దాంట్లో విటమిన్ ఏ, డీ ఎక్కువుంటాయి, ఆ మోతాదులో ఇస్తే విషమవుతాయి. మనుషుల కోసం చేసిన నమిలే బిళ్లల్లో తీపి కోసం జైలిటాల్ కలుపుతారు, అది కుక్కకు ప్రాణాంతకం.

అమ్మీ సవాల్ వేరు. "ఆ గోలీ పైన పొర దేంతో చేస్తారు?" జెలటిన్‌తో. ఆవుది కావచ్చు, చేపది కావచ్చు, ఖంజీర్‌ది కావచ్చు. డబ్బా మీద రాసి లేదు. తినేది కుక్కే అయినా నా ఇంట్లోకి రానివ్వను, నా డబ్బుతో కొననివ్వను అంది. ఆమె మాటలో తప్పేమీ లేదు. వెతికితే కుక్కల కోసమే సీసాలో అమ్మే చేపనూనె దొరికింది. గోలీ లేదు, జెలటిన్ లేదు. ఎండకు, గాలికి నూనె చెడిపోతుంది గనక ఫ్రిజ్‌లో పెట్టాలి. మళ్లీ గొడవ. చివరికి మూత బిగించి, సంచిలో చుట్టి, కింది అరలో ఒక మూల చోటిచ్చింది. మోతాదు కొద్దికొద్దిగా పెంచమన్నారు, ఒక్కసారిగా పోస్తే విరేచనాలవుతాయి.

ఇవన్నీ చెప్పాక డాక్టరమ్మ షేరును తూకం మీద నిలబెట్టింది. 32 కిలోలు. "సార్, ఏ సీసా కొన్నా ముందు ఈ బరువు తగ్గాలి. బరువులో ఆరు శాతం తగ్గినా కుంటడం తగ్గుతుంది" అంది. అంటే రెండు కిలోలు. అమెరికాలో 48 లాబ్రడార్ కుక్కలను పుట్టినప్పటి నుంచి చచ్చేదాకా గమనించారట. సగం కుక్కలకు తోటి కుక్కల కన్నా పాతిక శాతం తక్కువ తిండి పెట్టారు. అవి దాదాపు రెండేళ్లు ఎక్కువ బతికాయి, వాటికి కీళ్ల జబ్బు కూడా ఆలస్యంగా వచ్చింది.

ఒక్క పైసా ఖర్చు లేని ఇలాజ్. మా ఇంట్లో అన్నిటికన్నా కష్టమైంది కూడా అదే. గోలీ సంగతి తర్వాత అమ్మీ అసలే కుంగిపోయి ఉంది. ఇప్పుడు నెయ్యి రొట్టె కూడా జహరే అని ఏ ముఖంతో చెప్పను? అబ్బా పోయాక ఆమె నోరు విప్పి మాట్లాడే చోటు ఆ వేపచెట్టు కిందే. రొట్టె ఆపితే ఆ కుర్చీ కూడా ఖాళీ అవుతుందేమోనని వారం రోజులు నాన్చాను.

ఆఖరికి ఇషా తర్వాత చెప్పాను. అమ్మీ చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "బూటులో నీళ్లు తోడి దాహంతో ఉన్న కుక్కకు తాగించినవాణ్ని అల్లా మాఫ్ చేశాడని మీ అబ్బా పదేపదే చెప్పేవాడు. పెట్టడమే సవాబ్ అనుకున్నా. ఆపడం కూడా సవాబేనా?" అంది.

"నీయత్‌ను బట్టి కదమ్మీ" అన్నాను.

మర్నాడు కుర్చీ వేపచెట్టు కిందే ఉంది. అమ్మీ చేతిలో కీరకాయ ముక్కలున్నాయి. షేరు మొదట వాసన చూసి ముఖం తిప్పుకున్నాడు. మూడో రోజుకు తిన్నాడు. ఇప్పుడు కీర, క్యారెట్ ముక్కలు, ఉడికించిన బీన్స్.

ఏది పనిచేస్తోందో తెలియాలంటే ఒక్కోసారి ఒక్కటే మార్చమని, ఆరు నుంచి ఎనిమిది వారాలు చూసి, తేడా లేకపోతే ఆపేయమని డాక్టరమ్మ చెప్పింది. పాత డైరీలో రోజూ రాస్తున్నాను. లేవడానికి ఎంతసేపు పట్టింది, మెట్లెక్కాడా లేదా. వరండా టైల్స్ మీద జారకుండా పాత దర్రీ పరిచాం. గోళ్లు కత్తిరిస్తున్నాం. పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి చిన్న నడకలు. చలి ఎక్కువైన రోజుల్లో మాత్రం డాక్టరమ్మ రాసిన కుక్కల నొప్పిమందు.

నాలుగు నెలలయింది. షేరు బరువు 28.5 కిలోలు. పోయిన జుమ్మా రోజు మూడు మెట్లూ ఎక్కి, గడప ముందు ఆగి, నా వైపు చూశాడు. ముసలితనం పోలేదు. లేచేటప్పుడు ఇంకా ఆగుతాడు. కానీ ఆగే సేపు తగ్గింది, డైరీలో ఉంది.

సాయంత్రం నడకకు ఇప్పుడు నేను వెళ్లడం లేదు. మోకాళ్లకు నడక మంచిదని అమ్మీ డాక్టరు ఏళ్లుగా చెబుతున్నా వినని మనిషి, ఇప్పుడు అసర్ చదువుకుని గొలుసు పట్టుకుని వీధి చివరి దాకా వెళ్లొస్తోంది. వచ్చాక చేతులు కడుక్కుని, వుజూ చేసుకుని, మగ్రిబ్‌కు కూర్చుంటుంది. నిన్న నడక నుంచి తిరిగొచ్చి గేటు మూస్తూ అంది: "ఉనే బీ బుడ్డా, మైఁ బీ బుడ్డీ. ఎవరు ముందు అలసిపోతారో చూస్తున్నా బేటా. ఈరోజు వాడే ఆగాడు."