దూరదేశపు కొలువు

క్రిందటి మాఘమాసమున మా తోడికోడలు జర్మనీదేశమునుండి ఒంటరిగా తిరిగి వచ్చినది. మా మఱదికి అచ్చట రెండేండ్ల యుద్యోగము. ఈమె యున్నది అయిదు నెలలే. ఇరుగుపొరుగువారు పలు విధముల ననుకొనిరి. సోదరీమణులారా, మేమును మొదట ఆమెనే తప్పుపట్టితిమి. అందులకిప్పుడు సిగ్గుపడుచున్నాము.

మఱదిని పంపిన కంపెనీవారు అతని పనితనమును పరీక్షించిరి. మూడు మాసములు జర్మను భాష చెప్పించిరి. ఆలి సంగతి యొక్కరును అడుగలేదు. ఆమెకు విమానపు టిక్కెట్టు మాత్రము కొని యిచ్చిరి.

అచ్చట ఆదివారము అంగళ్లు మూసియుండును. ఆనాడు ఇండ్లలో సద్దు చేయరాదను నియమము గలదు. ఈమె యెఱుగక యొక యాదివారము మిక్సీలో మినపపప్పు రుబ్బుచుండగా క్రిందియింటి ముసలమ్మ వచ్చి, తలుపు తట్టి, యేదియో పలికినదట. ఒక్క ముక్కయు బోధపడక మా పిల్ల తలుపు మూసికొని యేడ్చినది. మార్గశిరమున నాలుగున్నరకే ప్రొద్దు గ్రుంకును. భర్త వచ్చువఱకు పలుకరించు మనిషి లేదు. "అక్కా, నా గొంతు నాకే క్రొత్తగా వినబడెడిది" అని యామె చెప్పినపుడు మాకు నోట మాట రాలేదు.

ఈ విషయమున 1981లోనే రోసలీ టంగ్ అను విదుషి యొక వ్యాసము వ్రాసినదని మా వారు చెప్పిరి. పరదేశమునకు పంపబడినవారు పని చెడి మరలి వచ్చుటకు అమెరికా కంపెనీలవారు చెప్పిన మొదటి హేతువు, భార్యయో భర్తయో అచ్చట ఇముడలేకపోవుటయేనట. నలువదేండ్లు దాటినను ఆ మాట మా మఱది కంపెనీవారి చెవి సోకలేదు కాబోలు!

మా నాయనగారు చిన్ననాడు చెప్పిన రామాయణము మాకు జ్ఞప్తికి వచ్చినది. సుగ్రీవుడు నాలుగు దిక్కులకును వానరులను పంపెను. రాముడు ఉంగరమిచ్చినది హనుమంతునికే. అతడు సముద్రము దాటినాడని లోకమెల్ల పొగడును. మాకన్ననో, అశోకవనమున చెట్టుపై కూర్చుండి యే భాషలో పలుకుదునా యని తర్కించుటయే గొప్పగా తోచును. సంస్కృతమున పలికినచో సీత తన్ను రావణుడనుకొని వెఱచునని యతని శంక. కంపెనీవారు దాటుటనే పరీక్షించిరి. ఈ రెండవ విద్యను చూడనేలేదు.

ఇప్పు డామె వంటయింట తోటకూర త్రుంచుచు జర్మను అంకెలు వల్లించుచున్నది. మాకును పదివఱకు వచ్చినవి. ఆమె చదువునకగు ఖర్చు భరింపుడని మఱది కంపెనీవారికి వ్రాసినాడు. ప్రత్యుత్తరమింకను రాలేదు.