గూడ్సుబండికి టైమ్‌టేబుల్ లేదు

ఉద్యోగాన్నీ ఇంటినీ సరిగ్గా చూసుకోవడమంటే ఇటిన్ని గంటలు, అటిన్ని గంటలు అని పంచుకోవడమేనని చాలామంది అనుకుంటారు. కాజీపేట, గుంతకల్లు లాంటి రైల్వే ఊళ్లలో ఆ లెక్క సాగదు. గూడ్సు నడిపే లోకో పైలట్‌కు రేపు ఏ వేళకు డ్యూటీ పడుతుందో ఇవాళ తెలియదు. బండికి ఓ రెండు గంటల ముందు కాల్ వస్తుంది. కంచం ముందు కూర్చున్నా, పాప పుట్టినరోజైనా లేచి వెళ్లాల్సిందే. ఒకప్పుడు కాల్‌బాయ్ పుస్తకం పట్టుకొచ్చి క్వార్టర్ తలుపు కొట్టేవాడు. ఇప్పుడు ఫోన్ మోగుతోంది, అంతే తేడా.

ఎక్స్‌ప్రెస్‌లు నడిపేవారికి లింకు ఉంటుంది. ఏ రోజు ఏ బండో ముందే తెలుస్తుంది. గూడ్సును ఏ స్టేషన్ లూప్‌లైన్‌లో ఎంతసేపు నిలబెడతారో ఎవరు చెప్పగలరు? అందుకే నాన్న ఎప్పుడొస్తాడని అడిగితే ఆ ఇళ్లలో తల్లులు "వచ్చేస్తారు" అంటారు గానీ టైము చెప్పరు.

నా మనసును ఎక్కువగా పట్టేది ఆ ఇళ్ల పగటిపూట. రాత్రంతా సిగ్నళ్ల మీదే కళ్లు పెట్టి వచ్చిన మనిషి పొద్దెక్కాక నడుం వాలుస్తాడు. ఇక కుక్కర్ కూత ఉండకూడదు, టీవీ పెట్టకూడదు, పిల్లలు పక్కింటికి పోయి ఆడుకోవాలి. ఆయన లేచేసరికి మళ్లీ క్యారియర్ సిద్ధంగా ఉండాలి. ఎండాకాలమైతే పాడవకుండా పులిహోరో మరొకటో. ఆయన కంటినిండా నిద్రపోతేనే ఆ రాత్రి పట్టాల మీద అందరూ క్షేమం. ఆ నిద్రకు కాపలా కాసే ఇల్లాలిది కూడా రైల్వే డ్యూటీయే అంటాను నేను. దానికి జీతం లేదు, రెస్టు అసలే లేదు.

ఇప్పుడు ఆడపిల్లలూ ఇంజన్ ఎక్కుతున్నారు. ఆసియాలో తొలి మహిళా లోకో పైలట్‌గా పేరొందిన సురేఖా యాదవ్ 2025లో రిటైరయ్యారు. తల్లే బండి మీదికి వెళ్లినప్పుడు ఇంట్లో ఆ కాపలా ఎవరు కాయాలి? భర్తలు, అత్తమామలు ముందుకు రావాలి. చాలా ఇంజన్లలో మరుగుదొడ్డి లేకపోవడమైతే రైల్వేనే సరిదిద్దాల్సిన విషయం.

రైల్వే సరిదిద్దాల్సింది ఇంకొకటి ఉంది, విశ్రాంతి. 2005 నాటి రైల్వే పనివేళల నిబంధనల ప్రకారం బండ్లు నడిపే రన్నింగ్ సిబ్బందికి నెలలో 30 గంటల చొప్పున నాలుగుసార్లు, లేదా 22 గంటల చొప్పున ఐదుసార్లు విశ్రాంతి ఇస్తే చాలు. శుక్రవారం సాయంత్రం ఆరింటికి ఆఫీసు వదిలి సోమవారం పదింటికి వెళ్లే ఉద్యోగికి 64 గంటలు దొరుకుతాయి. డ్యూటీ దిగాక ఇచ్చే 16 గంటల విశ్రాంతిని వారపు విశ్రాంతి 30 గంటల్లో కలిపేయొద్దని, మొత్తం 46 గంటలు ఇవ్వాలని లోకో పైలట్ల సంఘాలు ఎన్నాళ్లుగానో అడుగుతున్నాయి. ఆ 46 గంటలు ఇవ్వాలి. అవి ఎప్పుడొస్తాయో వారం ముందే ఇంటికి తెలియాలి.