కానరాని శక్తికి గెలాక్సీల సాక్ష్యము

గాలి కంటికి గానరాదు. అయినను తాటిమట్టలు కదలుటచే దాని దిక్కును, వంగిన సరుగుడు మ్రాకులచే దాని బలమును మన తీరవాసు లెల్లరు నెఱుగుదురు. కానరాని దానిని దాని పనిచే దెలిసికొనుట మనుష్యునికి క్రొత్త విద్య కాదు. ఖగోళశాస్త్రజ్ఞులు నేడు వెదకుచున్న కృష్ణశక్తిని గూర్చియు నిట్లే తలంపవలెను. విశ్వమందలి సమస్తములో నిది నూటికి సుమారు 70 పాళ్లుండునని లెక్కించిరి. దాని స్వభావ మెట్టిదో యింకను నెవ్వరికిని దెలియదు. మా పై తరగతి విద్యార్థులు దీనిని గూర్చి పలుమాఱు ప్రశ్నించిరి గావున, తలిదండ్రులకును దెలియునట్లు కొంత వ్రాయుచున్నాము.

ఆకాశమును గొలుచుట మన ప్రాంతమునకు నూతనము గాదు. విశాఖపట్టణమున గోడే వెంకట జగ్గారావుగారు 1840లో సొంత ధనముతో నక్షత్రశాలను స్థాపించిరి. వారి యల్లుడు అంకితం వెంకట నరసింగరావుగారు దానిని సాగించి, 1874 డిసెంబరు 9వ తేదీన శుక్రగ్రహము సూర్యబింబమున కడ్డముగా బోవుటను పరిశీలించిరి. అట్టి పరిశీలనలచే నా కాలమువారు సూర్యుని దూరమును గణింపజూచిరి. అంతకు పూర్వము, 1868 ఆగస్టు 18వ తేదీ నాటి సంపూర్ణ సూర్యగ్రహణమును జూచుటకు ఫ్రాన్సు దేశస్థులగు జాన్సెన్ గారు గుంటూరునకు వచ్చి, సూర్యుని యంచున లేచు జ్వాలల వెలుగును వర్ణములుగా విడదీసి, అవి మిక్కిలి వేడియైన వాయువులని గ్రహించిరి. వెలుగును విడదీసి దూరపు వస్తువుల సంగతి దెలిసికొను నా విద్యయే నేడు గెలాక్సీల వఱకు బోయినది.

మన సూర్యుడు పాలపుంత యను గెలాక్సీలోని యసంఖ్యాకములగు నక్షత్రములలో నొకడు. అట్టి గెలాక్సీలు వందలు, వేలుగా నొకచోట గురుత్వాకర్షణచే గట్టువడి యున్నచో దానిని గెలాక్సీ సమూహ మందురు. 1933లో జ్విక్కీ గారు కోమా యను సమూహములోని గెలాక్సీల వేగమును జూచి, కనబడు పదార్థము మాత్రమే వానిని బట్టి యుంచజాలదని చెప్పిరి. 1958లో ఏబెల్ గారు 2,712 సమూహముల పట్టికను ప్రకటించిరి. 2017లో మన దేశపు శాస్త్రజ్ఞులు సుమారు 400 కోట్ల కాంతిసంవత్సరముల దూరమున 43 సమూహములతో గూడిన మహాసమూహము నొకదానిని గనుగొన్నట్లు ప్రకటించి, దానికి సరస్వతి యని పేరిడిరి.

విశ్వము వ్యాపించుచున్నదని 1929లో హబుల్ గారి పరిశీలనలు చూపెను. గురుత్వాకర్షణ యన్నిటిని వెనుకకు లాగుచుండుటచే నా వ్యాప్తి క్రమముగా మందగింపవలెనని పండితులు తలంచిరి. 1998లో రెండు బృందములవారు దూరమున బ్రేలిన నక్షత్రముల వెలుగును గొలువగా, అవి యనుకొన్నదానికంటె మసకగా నుండెను. అనగా నెక్కువ దూరమున నుండెను. వ్యాప్తి మందగించుటకు మాఱుగా వేగము హెచ్చుచున్నది! ఇందులకు గారణమైనదానికే కృష్ణశక్తి యని పేరు. ఈ పరిశోధనకు 2011లో నోబెల్ బహుమానము లభించెను.

ఇందు గెలాక్సీ సమూహములు సాక్ష్యమెట్లు చెప్పగలవు? ఈ పాఠము చెప్పుచుండగా ఉద్దానపు పల్లెనుండి వచ్చిన విద్యార్థి యొకడు లేచి, "మేష్టారూ, మా వీధిలో ముప్పై ఇళ్లండి. పండక్కి తప్ప పదకొండు ఇళ్లకి తాళాలే" అనెను. అతని తండ్రియు చెన్నపట్టణమున గూలిపని చేయుచున్నాడు. తరగతి యంతయు నిశ్శబ్దమాయెను. మే మా లెక్కనే నల్లబల్లపై వ్రాసితిమి. ఊర జననములు, వివాహములు గలవు. ఎవ్వరును వలస పోనిచో పదేండ్లకు వీథి యింత పెరుగవలెనని గణింపవచ్చును. వీథి పెరుగలేదు. పోయినవారిని మనము చూడకున్నను, పెరుగని వీథియే వారిని వెలుపలికి లాగిన బలమును, దాని కొలతను జెప్పుచున్నది.

సమూహముల సంగతియు నిట్టిదే. గురుత్వాకర్షణ చుట్టునున్న గెలాక్సీలను, వాయువును లోనికి జేర్చి సమూహమును బెంచును. కృష్ణశక్తి వాని నడుమ నెడమును హెచ్చించి యా చేరికను దగ్గించును. వెలుగు ప్రయాణమునకు గాలము పట్టును గావున, దూరమునకు జూచుట యనగా గతమును జూచుటయే. దగ్గరి సమూహములను, దూరపు సమూహములను వేఱువేఱుగా నెన్ని తూచినచో, పదేండ్లకొకటి వెలువడు జనాభా లెక్కలను వరుసగా బేర్చినట్లగును. సమూహమందలి వాయువు కోట్ల డిగ్రీల వేడిగలదై ఎక్స్ కిరణములను వెలార్చును. ఆ వేడినిబట్టి సమూహపు బరువును గణింతురు. ఈ కిరణములను భూమి వాయుమండల మడ్డగించును. అందుచే 1999లో అంతరిక్షమునకు బంపబడిన చంద్రా దూరదర్శినితో 86 సమూహములను బరిశీలించి, వాని పెరుగుదల యిటీవలి యుగములలో మందగించినదని 2008లో ప్రకటించిరి. ఈరోసిటా యను మఱియొక దూరదర్శిని సాయమున 5,000కు పైగా సమూహముల లెక్క 2024లో వెలువడెను; అదియు కృష్ణశక్తి యున్నదనుటకే తోడ్పడినది.

ఒక్క సాక్షి మాటపై నేరము నిర్ణయింపరాదని మోషే ధర్మశాస్త్ర విధి. ప్రేలిన నక్షత్రములు దూరమును గూర్చియు, సమూహములు పెరుగుదలను గూర్చియు సాక్ష్యమిచ్చుచున్నవి. మార్గములు వేఱు, తీర్పొక్కటే.

ఈ తెలియని శక్తి దేవుని హస్తమే యని చెప్పరాదా యని కొందఱు పెద్దలు మమ్ము నడిగిరి. అది మాకు సమ్మతము గాదు. తెలియనిచోటనే దేవుని నిలిపినచో, తెలిసినకొలది యాయనకు జోటు తక్కువగును. తెలిసినదానికిని తెలియనిదానికిని ఆయనయే కర్త యని నమ్మువారము, తెలియదను మాటకు భయపడనేల?

ఈ విద్య కూడు పెట్టునా యని కొందఱు తండ్రు లడిగిరి. నేరుగా పెట్టదు. కాని యోపికతో నెన్నుట, ఉండవలసినది లేకున్నచో నేల లేదని యడుగుట, ఒక్క సాక్షితో దృప్తి పడకుండుట: ఈ మూడును పొలము గట్టునను, పడవ మీదను, కచేరీలోను నక్కఱకు వచ్చునవే. విద్యార్థులారా, మీలో ననేకులు రేపు దూరదేశములకు బోవుదురు. ఎచ్చట నున్నను ఆకాశమును జూడుడు. మీ యూరి తాళములను మఱవకుడు.