మా విద్యుచ్ఛకటము

వంశధారా తీరమున శ్రీముఖలింగేశ్వరుని గుడి చెంత మా కరెంటు కారు నిలిచినంతనే జనులు మూగుదురు. పొగగొట్టమేదని యొకరు, వానలో షాకు కొట్టదా యని యొకరు. ఆకుపచ్చ పలకపై తెల్లని యంకెలు చూచి సర్కారు బండి యనుకొనువారును గలరు. సొంత విద్యుద్వాహనములకు 2018 నుండి నియమమే యది. నడుపునది మేమైనను, ధరయు మైలేజియు మావారినే యడుగుదురు! సోదరీమణులారా, ఇది మీకును క్రొత్త గాదు గదా.

మొన్న పువ్వులమ్ము ముదుసలి యొకతె మాత్రము మమ్మే యడిగెను: “తిత్లీ తుపానుకి అన్ని దినాలు కరెంటు నేదు గదమ్మా, అలాటప్పుడీ బండేటి తింటాది?”

2018 అక్టోబరు నాటి యా చీకటి రాత్రులు జ్ఞప్తికి వచ్చెను. బంకులో పెట్రోలు తోడుటకును కరెంటే కావలెనని చెప్పఁబోయి మానితిమి. నింపుకొన్నది తీఱువఱకే తిరుగును, పిమ్మట కదలదంటిమి.

“మా యెడ్లకి గడ్డేనా ఉండీది” అని యామె నవ్వి, మూర మల్లెలు మా చేతఁ బెట్టెను.